పెట్టెకన్న తీగ మేలు

కంప్యూటరు సాయముతో రేడియో వినుటను వినోదముగా, విద్యగా చేపట్టదలచిన వారికి నేడు దొరకు ఉపదేశములో అధికభాగము మహానగరముల మేడలమీద వసించువారి అనుభవమునుండి పుట్టినది. టెలివిజన్ గోపురములు, ఎఫ్.ఎం. కేంద్రములు, వీధివీధికి సెల్ టవర్లు చుట్టుముట్టిన చోట ఏ గ్రాహకము నిలువగలదో వారు చక్కగా చెప్పుదురు. కాని ఒకవంక మహేంద్రగిరియు, వేరొకవంక బంగాళాఖాతమును ఉండగా, వజ్రపుకొత్తూరులోనో, బారువలోనో, భావనపాడు ఒడ్డుననో కొబ్బరితోటల నడుమ కూర్చుండి వినదలచినవానికి ఆ ఉపదేశము చాలవరకు వర్తింపదు. ఈ ఉద్దానపు తీరమున చౌకైన పెట్టెయే చాలుననియు, మిగిలిన సొమ్మును, సొమ్ముకంటె ముఖ్యమైన శ్రద్ధను, ఏరియలు తీగమీద వెచ్చింపవలయుననియు నా దృఢమైన అభిప్రాయము.

ఈ క్రొత్త రేడియో స్వరూపమును గూర్చి మొదట కొంత చెప్పక తప్పదు. పెద్దలయిండ్ల గూళ్ళలో వెలిగిన వాల్వు రేడియోలో గాని, అటుపిమ్మట పొలముగట్లకు సైతము వెంటవచ్చిన ట్రాన్సిస్టరులో గాని, కోరిన స్టేషనును తక్కినవానినుండి వేరుచేయుట, తరంగమునుండి మాటను విడదీయుట అను పనులన్నియు తీగచుట్టలు, కండెన్సర్లు మొదలగు వస్తువులే చేయుచుండెను. ఆ పనులను కంప్యూటరుకు అప్పగించి, ఆకాశమునుండి వచ్చిన తరంగమును అంకెలుగా మార్చి అందించుటను మాత్రమే పెట్టెకు విడిచినచో అది సాఫ్ట్‌వేర్ రేడియో, అనగా ఎస్.డి.ఆర్., అగును. 1990వ దశకారంభమున అమెరికా దేశీయుడగు జోసెఫ్ మిటోలా ప్రచారములోనికి తెచ్చిన ఈ భావము చిరకాలము సైన్యములకును, పరిశోధనశాలలకును మాత్రమే అందుబాటులో నుండెను. కంప్యూటరుపై టెలివిజన్ చూచుటకై రియల్‌టెక్ సంస్థ తయారుచేసిన ఆర్.టి.ఎల్.2832యు అను చిప్పుగల చిన్న డాంగిల్, ఎఫ్.ఎం. రేడియోను వినిపించునపుడు తరంగమును అంకెల రూపముననే కంప్యూటరునకు పంపుచున్నదని 2012లో ఫిన్లాండు దేశీయుడగు ఆంటీ పాలోసారి కనిపెట్టుటయు, ఓస్మోకామ్ అను బృందమువారు దానికి తగిన సాఫ్ట్‌వేరును వ్రాసి లోకమునకు ఉచితముగా నొసగుటయు జరిగిన పిమ్మట, లక్షలు పోయవలసిన విద్య విద్యార్థి జేబుఖర్చులోనికి దిగివచ్చెను. బొటనవ్రేలంతటి ఆ డాంగిల్ 24 మెగాహెర్ట్జులు మొదలుకొని 1,700 మెగాహెర్ట్జులకు పైవరకు వినగలదు.

దాని లోపమును కూడ దాచక చెప్పవలయును. అది తరంగపు ఎత్తును 8 బిట్లతో, అనగా 256 మెట్లుగా మాత్రమే కొలుచును. దానికి మూడు నాలుగు రెట్లు వెలగల ఎస్.డి.ఆర్.ప్లే వారి ఆర్.ఎస్.పి. వంటి గ్రాహకములు 14 బిట్లతో, అనగా 16,384 మెట్లుగా కొలుచును. పలాస జీడి కర్మాగారములలో పప్పును పౌనుకు 180, 240, 320 చొప్పున తరగతులుగా ఏరుదురు గదా! తరగతులు కొలదిగానుండి, పెద్దపప్పు రాశులుగా వచ్చి పడినచో, చిన్నపప్పులోని భేదములు గమనింపబడక అంతయు ఒక్క బుట్టలోనే పడిపోవును. బలమైన స్టేషను ప్రక్కనున్నపుడు 8 బిట్ల గ్రాహకమున జరుగునది ఇదియే; బలవంతుని కొలుచుటకు మెట్లన్నియు వ్యయమై, దూరపు దుర్బలస్వరము లెక్కకు రాకపోవును. హైదరాబాదులో, విశాఖలో ఇది నిజమైన బాధ. ఐతే ఉద్దానమున ఆ బలవంతుడెక్కడ? విశాఖపట్నపు మీడియం వేవ్ కేంద్రము పలాసకు ఋజుమార్గమున సుమారు 170 కిలోమీటర్ల దూరముననున్నది. కాశీబుగ్గ నడిబొడ్డున సెల్ టవరు నీడన నివసించువానికి ఈ మాట పూర్తిగా చెల్లకపోవచ్చునుగాని, ఊరుదాటి తోటలలోనికి పోయినవానికి 14 బిట్ల పెట్టె చేయు ఉపకారము, దానికై పెట్టిన ధనమునకు తగినంత యుండదు.

కావున మొదటిసారి కొనువారు ఆర్.టి.ఎల్.-ఎస్.డి.ఆర్. డాంగిలులో వి3, వి4 అను రూపములలో ఒకదానిని కొనుట మేలు. 2023లో వచ్చిన వి4లో మీడియం వేవ్, షార్ట్ వేవ్ తరంగములను పైకెత్తి అందించు ఏర్పాటు లోపలనే యుండుటచేత, వేరొక పరికరముతో పనిలేక 927 కిలోహెర్ట్జుల విశాఖను, 7 మెగాహెర్ట్జుల హామ్ (అమెచ్యూర్ రేడియో) సంభాషణలను వినవచ్చును. విదేశములలో దీని వెల సుమారు 30 నుండి 40 డాలర్లు. ఇంతకంటె చౌకగా పేరులేని నీలిరంగు డాంగిళ్ళు దొరకును గాని వానిని నేను సిఫారసు చేయను. వేడెక్కినకొలది వాని పౌనఃపున్యము జరిగిపోవుచుండుటవలన, క్రొత్తవాడు తాను చేసిన తప్పేదో, పరికరపు తప్పేదో తెలియక విసిగి ఈ విద్యనే వదలుకొనును. వి3, వి4 పేర్లతోనే నకిలీలును అమ్ముడుపోవుచున్నవి గనుక, తయారీదారులు గుర్తించిన విక్రేతలవద్దనే తీసికొనవలయును. మీడియం వేవ్, షార్ట్ వేవ్‌లపైననే మనసు నిలిచినవారు, ఒక ఏడాది వినిన పిమ్మటనే, ఎయిర్‌స్పై హెచ్.ఎఫ్.+ డిస్కవరీ వంటి దానిని గూర్చి ఆలోచింపవచ్చును. హ్యాక్‌ఆర్ఎఫ్ వంటివి వినుటయే గాక ప్రసారమును కూడ చేయగలవు. వినదలచినవానికి వానితో అవసరము లేదు, లైసెన్సు లేనివాని చేతిలో అవి అపాయకరములు.

ఇక తీగ మాట. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణము ఇదియే. సముద్రజలమునకు విద్యుద్వాహకత సామాన్యమైన నేలకంటె వందలరెట్లు, ఒక్కొక్కచో వేయిరెట్లు అధికము. కావున మీడియం వేవ్ తరంగము ఇసుకనేలలపై, కొండలపై త్వరగా అలసిపోయినను, ఉప్పునీటిపై బహుదూరము ప్రయాణము చేయును. నౌపడ ఉప్పుమడులు మొదలుకొని ఇచ్ఛాపురము వరకు గల మన తీరమునకు ఇది ప్రకృతి యిచ్చిన సొత్తు, ఎంత ధనమిచ్చినను హైదరాబాదువాడు కొనలేని సొత్తు. దీనిని అనుభవించుటకు కావలసినది సరియైన ఏరియలు మాత్రమే.

927 కిలోహెర్ట్జుల తరంగపు పొడవు సుమారు 323 మీటర్లు. అంతటి తీగను ఎవరును కట్టలేరు, కట్టనవసరమును లేదు. మీటరు భుజముగల చతురస్రపు కొయ్యచట్రమునకు ఏడెనిమిది చుట్లు తీగ చుట్టి, పాత రేడియోలోని గ్యాంగు కండెన్సరును దాని రెండు కొనలకు కలిపి, గ్రాహకమునకు వేరొక ఒంటిచుట్టు ద్వారా అందించినచో, లూప్ ఏరియలు సిద్ధమగును. కండెన్సరును త్రిప్పిన కొలది ఒక్కొక్క స్టేషను ఉబికివచ్చుట ఒక ఆనందము. అంతకంటె మిన్న, చట్రమును దాని నిలువు ఇరుసుపై త్రిప్పినచో, ఒక దిక్కునుండి వచ్చు రొదను దాదాపు పూర్తిగా అణచివేయవచ్చును. ప్రక్కయింటి మోటారు రొదను మాయముచేసి కటకము స్టేషనును వినుట, ఎన్ని వేల రూపాయల గ్రాహకమైనను చేయజాలని పని, ఈ కొయ్యచట్రము చేయును.

షార్ట్ వేవ్‌కు పది పదునైదు మీటర్ల తీగను రెండు కొబ్బరిచెట్లకు కట్టి, 9:1 ట్రాన్స్‌ఫార్మరు ద్వారా దింపినచో చాలును. గాలికి చెట్లూగునప్పుడు తెగిపోకుండ తీగను కొంత వదులుగా విడువవలయును. ఉప్పుగాలి రాగిని అచిరకాలముననే పచ్చబరచి తినివేయును. పైపూతగల తీగనే వాడుట, అతుకులను గాలి సోకకుండ జిగురుతో మూయుట, ఏటేట వానను పరీక్షించుట తప్పనిసరి. క్రిందికి తెచ్చుటకు ఖరీదైన కేబులు వెదకనక్కరలేదు, కేబుల్ టి.వి.కి వాడు ఆర్.జి.-6 తీగయే, 75 ఓములదైనను, వినుటకు పూర్ణముగా సరిపోవును. ఉరుములు మ్రోగినపుడు మాత్రము తీగను గ్రాహకమునుండి ఊడదీసి ఇంటివెలుపల విడువవలయును. తాటిచెట్లపై, కొబ్బరిచెట్లపై పిడుగులు పడు ప్రాంతమున ఈ మాటను ఎన్నిసార్లు చెప్పినను అధికము కాదు.

నేటి యిండ్లలో రేడియోకు పరమశత్రువులు ఎల్.ఇ.డి. బల్బులు, సెల్‌ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు. ఇవి విద్యుత్తును సెకనుకు వేలసార్లు తెగగొట్టి మరల కలుపుచుండుటచేత, మీడియం వేవ్ అంతటను ఒక గురగుర ధ్వని వ్యాపించును. ల్యాప్‌టాపును బ్యాటరీమీదనే నడపుట, యు.ఎస్.బి. తీగకు ఫెర్రైటు కడియములు తొడుగుట, ఏరియలును ఇంటిగోడకు దూరముగా నిలుపుట, ఈ మూడును దాదాపు ఖర్చులేని మందులు. ఊరికంతటికి కరెంటు పోయిన సమయము, తక్కినవారికి ఎట్టిదైనను, వినువానికి శుభవేళ. ఆ నిశ్శబ్దమున పగటివేళ సైతము దూరపు కేంద్రములు పైకి తేలును. కరెంటు పోయినదని వెంటనే సెల్‌ఫోనులో తలదూర్చు పిల్లవానిని ఆ వేళనే ఒకమారు రేడియోముందు కూర్చుండబెట్టవలయును.

కొనుటకు ముందే ఈ విద్య రుచి చూడదలచినవారికి నెదర్లాండ్సులోని ట్వెంటె విశ్వవిద్యాలయము 2008లో ప్రారంభించిన వెబ్‌ఎస్‌డి‌ఆర్, లోకమంతట వ్యక్తులు నడపుచున్న కివీఎస్‌డి‌ఆర్ గ్రాహకములు, ఇంటర్‌నెట్ గలవారికెల్లరకు ఉచితముగా తెరచియున్నవి. ప్రారంభమునకు అవి మంచివే. కాని అచట వినబడునది నెదర్లాండ్సు ఆకాశము, ఉద్దానపు ఆకాశము కాదు.

సాఫ్ట్‌వేరులలో నా ఓటు ఎస్.డి.ఆర్.++ కు. విండోసు, లినక్సు, మ్యాకు, ఆండ్రాయిడు అన్నిటను అది ఒకే రూపమున నడచును. దాని మూలము అందరికి తెరచియున్నది. బడిలోని పాత కంప్యూటరునందు నేర్చినవాడు ఇంటికిపోయి ఓ.టి.జి. తీగతో డాంగిలును సెల్‌ఫోనుకు తగిలించి అదే పాఠమును కొనసాగింపవచ్చును. విండోసు వాడువారు ఎస్.డి.ఆర్.షార్ప్‌ను మెచ్చుకొందురు, దానిలో రొదను అణచు ఉపాయములు ఎక్కువ. లినక్సు వారికి జీక్యూఆర్ఎక్స్ గలదు. ఏది వాడినను, విండోసులో మొదటి ఆటంకము ఒక్కటే: డాంగిలును తగిలింపగానే కంప్యూటరు దానిని టెలివిజన్ పరికరముగా భావించి తన డ్రైవరును పెట్టుకొనును. జాడిగ్ అను చిన్న ప్రోగ్రాముతో దానిని తీసి విన్‌యుఎస్‌బి డ్రైవరును నిలిపినగాని ఏమియు పలుకదు. వి4 కొన్నవారు దానికై ప్రత్యేకముగా సవరించిన క్రొత్త డ్రైవరునే వాడవలయును. పాతదానితో షార్ట్ వేవ్ తప్పుగా పలుకును. ఇచ్చటనే నిరాశపడి డాంగిలును మూలపడవేయువారు కలరు గనుక ఇంతగా చెప్పవలసివచ్చినది.

ఈ ప్రోగ్రాములన్నిటను తెరమీద క్రిందికి జారుచుండు రంగుల పటము, వాటర్‌ఫాల్ అనబడునది, నాకు ఈ విద్యలోకెల్ల ప్రియమైన భాగము. రెండు మెగాహెర్ట్జుల వెడల్పుగల ఆకాశము ఒక్కసారి కంటికి కనబడును. స్టేషన్లు నిలువుగీతలుగా, దూరమున మెరసిన మెరుపు తెరకు అడ్డముగా కొట్టినట్లు ఒక్క గీతగా, చార్జరు రొద మసకమసకగా సాగు చారలుగా గోచరించును. భౌతికశాస్త్రపుస్తకమున తరంగమును గూర్చి చదివి పరీక్షలో వ్రాసి మరచు విద్యార్థి, వేసవి సాయంకాలమున బంగాళాఖాతముపై లేచిన మబ్బుల మెరుపులను తెరపై లెక్కించినచో ఆ పాఠమును మరువడు.

ఇక ఈ తీరమున ఏమి వినవచ్చును? పగలు విశాఖ 927. చీకటిపడి పైవాతావరణపు పొర అద్దమువలె పనిచేయ నారంభింపగానే విజయవాడ 837, కటకము 972, ఢాకా 693. ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారములను కొన్నింటిని డిజిటల్ రూపమున కూడ సాగించుచున్నది. ప్రత్యేకమైన రేడియో కొనక, డ్రీమ్ అను ఉచిత సాఫ్ట్‌వేరుతో డాంగిలుమీదనే వానిని విప్పుకొని వినవచ్చును. 1963లో విశాఖ కేంద్రము ప్రారంభమైననాటినుండి ఈ తీరమునకు తెలుగు వార్త, వ్యవసాయ కార్యక్రమము, తుపాను హెచ్చరిక అందించినది ఆ మీడియం వేవే. వినువారు లేరను కారణముతో దేశమున మీడియం వేవ్ కేంద్రములు ఒక్కొక్కటిగా మూతపడుచున్న ఈ దినములలో, ఎఫ్.ఎం. తరంగము దిగంతరేఖ దాటగానే సన్నగిలిపోవుననియు, వేటకై దూరముపోయిన పడవను చేరగలది నీటిపై నడచు మీడియం వేవేననియు అధికారులు మరువరాదు.

సముద్రమున పోవు ఓడలు తమ పేరును, స్థానమును 161.975, 162.025 మెగాహెర్ట్జులపై ఎల్లవేళల చాటుచుండును. తీరమున మేడపై చిన్న ఏరియలు నిలిపి పారాదీపు, విశాఖ రేవులకు పోవు నౌకలను తెరపై పటముగా చూడవచ్చును. టెక్కలి సమీపమున నిర్మింపబడుచున్న మూలపేట రేవు పనిచేయ నారంభించినచో చూడదగినవి మరింత పెరుగును. కలకత్తా, చెన్నపట్టణముల నడుమ ఎగురు విమానములు 1090 మెగాహెర్ట్జులపై అట్లే తమ ఎత్తును, వేగమును తెలుపుకొనును.

వాతావరణ ఉపగ్రహములను గూర్చి ఒక హెచ్చరిక. పాత పుస్తకములలో, ఉపదేశములలో అందరును చెప్పునది అమెరికావారి నోవా 15, 18, 19 ఉపగ్రహములనుండి మేఘచిత్రములను గ్రహించుమనియే. ఆ మూడును 2025లో పనినుండి విరమింపబడినవి. వానికై వెదకువాడు ఆకాశమును నిందింపనవసరము లేదు. నేడు ఆ స్థానమున రష్యావారి మెటియోర్ ఎం2-3, ఎం2-4 ఉపగ్రహములు 137 మెగాహెర్ట్జుల ప్రాంతముననే చిత్రములు పంపుచున్నవి. శాట్‌డంప్ అను ఉచిత సాఫ్ట్‌వేరు వానిని విప్పును. ఏరియలు కావలయునన్నచో సుమారు 53 సెంటీమీటర్ల అల్యూమినియము కడ్డీలు రెండు, వాని నడుమ 120 డిగ్రీల కోణము, నేలకు సమాంతరముగా నిలుపుట, ఇంతియే. ఉపగ్రహము తలమీదుగా పోవు పది పదునైదు నిమిషములలో బంగాళాఖాతపు మేఘములు వరుసవరుసగా తెరపై పేరుకొనుచు వచ్చును.

ఈ దృశ్యము ఈ తీరపువారికి కేవలము వినోదము కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలితో ఉద్దానపు కొబ్బరిని, జీడిని నేలగూల్చినపుడు, విద్యుత్తుతోపాటు సెల్‌ఫోనులును మూగవోయెను. ఇట్టి రాత్రి డాంగిలును, ల్యాప్‌టాపును నమ్ముకొనుమని నేను చెప్పను. అప్పుడు కావలసినది బ్యాటరీ ట్రాన్సిస్టరు, వాతావరణశాఖ హెచ్చరిక. కాని 1999 ఒడిశా మహాతుపానులో తక్కిన దారులన్నియు తెగినపుడు సందేశములు మోసినవారు హామ్ రేడియో చేతబట్టినవారు, అనగా ఎన్నో ఏండ్లు తీగ కట్టి, విని, రొదనుండి మాటను వేరుచేయుట అభ్యసించినవారు. అట్టివారు విపత్తునాడు పుట్టరు. 1983నుండి హైదరాబాదున పనిచేయుచున్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఇట్టివారిని తయారుచేయుచున్నది. పండ్రెండేండ్లు నిండిన ఏ పిల్లవాడైనను, పిల్లయైనను, పరీక్ష వ్రాసి లైసెన్సు పొందవచ్చును. వినుట ఆ త్రోవలో మొదటి మెట్టు.

వినుటలోను హద్దు కలదు. రేడియో పెట్టెకు పోస్టాఫీసులో రుసుము కట్టి లైసెన్సు పుస్తకము ఉంచుకొనిన కాలము పెద్దలకు జ్ఞాపకమే; ఆ నిర్బంధము తొలగినది. ఐనను లైసెన్సు లేక ప్రసారము చేయుట నేరము; పోలీసువారివి గాని, ఇతరులవి గాని, తమకు ఉద్దేశింపబడని సంభాషణలను అధికారములేక పట్టుట 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము ప్రకారమును శిక్షార్హము. పిల్లలకు డాంగిలు ఇచ్చు ఉపాధ్యాయుడు ఈ సంగతిని మొదటిదినముననే చెప్పవలయును.

ఉపాధ్యాయుల మాట వచ్చినది గనుక నా కోరికను వెల్లడింతును. అటల్ టింకరింగ్ ల్యాబు గల పాఠశాలకు కేంద్రప్రభుత్వము 20 లక్షల రూపాయలవరకు సహాయము నిర్ణయించినది. అందు ఒక డాంగిలు, ఒక కొయ్యచట్రము, వంద మీటర్ల తీగ, పాత గ్యాంగు కండెన్సరు, ఒక వాడిన ల్యాప్‌టాపు, వీనికగు వ్యయము గణనకురానంత స్వల్పము. టెక్కలిలోని ఆదిత్య ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు ఆదివారములందు చుట్టుప్రక్కల ఉన్నతపాఠశాలలకు పోయి ఒక్కొక్క లూపు ఏరియలు చుట్టి యిచ్చినచో, సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో ఈ విద్య ఒక్క ఏడాదిలో నాటుకొనగలదు. మొదటి చట్రములను వేసవి ముగియకముందే చుట్టుట మంచిది. తుపానుల ఋతువగు అక్టోబరు నాటికి పిల్లలకు విశాఖ ఎచ్చట పలుకునో, రొద ఎటునుండి వచ్చునో చేతితో తెలిసియుండును.